కోటగోడలు – మన బాధ్యత

(శ్రీసిటీలో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకుంటాము. అవి మాట్లాడుకోవలసిన విషయాలే. అయితే ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు సర్వీసంతా రోడ్లు, కల్వర్టులు కట్టించినారు గదా, పాత కట్టడాల మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కట్టించినవాడిగా కొన్ని సంగతులు చెప్పగలను. ఒకప్పుడు ఒక పాత గోడను కొట్టించినవాడిగా కూడా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. దానిని చివర దాకా దాచను, మధ్యలోనే చెబుతాను.

ముందుగా ఈ చోటు గురించి. ఈ ప్రాంతం పల్లెలు చాలా మటుకు 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుంచి మన చిత్తూరు జిల్లాలోకి వచ్చినవి. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాము. మన కళ్ళ ముందే చేలు, చెరువులు, మామిడితోపులు ఉన్న చోట ఫ్యాక్టరీలు లేచినాయి. మన పిల్లలకు ఉద్యోగాలు దొరికినాయి, సంతోషమే. కానీ ఇంత కొత్త చోటులో పెరిగే మనవళ్ళకు, మనవరాళ్ళకు పాతది ఏదో ఒకటి చేత్తో తాకి చూడాలంటే ఎక్కడికి పోవాలి? ఇక్కడి నుంచి బస్సులో రెండు మూడు గంటల దూరంలో చంద్రగిరి ఉంది. ఈ రోజు నా మాట ఎక్కువగా దాని గోడల గురించే.

చంద్రగిరి అనగానే అందరికీ రాజమహలు, రాణిమహలు గుర్తుకు వస్తాయి. టిక్కెట్టు తీసుకుని, మ్యూజియం చూసి, ఫొటో దిగి వచ్చేస్తాము. ఆ మహళ్ళకు పోయే దారిలో దాటిపోయే గోడను ఎంతమంది నిలబడి చూసినారు? దయచేసి ఈసారి పోయినప్పుడు చూడండి. ఏనుగంత బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మధ్యలో సున్నం లేదు, గచ్చు లేదు. గోడ బయట అగడ్త ఉంది. వెనుక సుమారు 180 మీటర్ల ఎత్తు కొండ, దాని మీద పైకోట. పై కోట, కింది కోట కలిపి ఒక ఊరిని కాపాడడానికి చేసిన ఏర్పాటు అది.

పోయిన ఏడాది మా మనవడితో పోయినాను. వాడు గోడ మీద చెయ్యి పెట్టి, "తాతా, సిమెంటు లేకుండా ఇది ఎట్లా నిలబడింది?" అని అడిగినాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. నేను చెప్పినాను: "నాయనా, రాయి బరువే దానికి సిమెంటు. గోడ కింద వెడల్పు, పైకి పోను పోను కొంచెం లోపలికి వాలి ఉంటుంది. వెనుక మట్టి దన్ను. వాన కురిస్తే మట్టిలోకి దిగిన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి బయటికి కారిపోతాయి. నీళ్ళు నిలవవు గనుక గోడ ఉబ్బదు." అదే సందుల్ని తెలియక ఎవరైనా సిమెంటుతో పూసేస్తే వెనుక నీళ్ళు చేరి, గోడ కడుపు ముందుకొచ్చి, ఒక పెద్ద వానకు పడిపోతుంది. మంచి చేయబోయి చెడు చేయడం అంటే ఇదే. అందుకే పాత గోడల మరమ్మతు తెలిసినవాళ్ళే చేయాలి, మన ఊరి మేస్త్రీ చేయరాదు.

ఆ రాళ్ళ అంచుల మీద వరుసగా చిన్న చిన్న గాడులు కనిపిస్తాయి. బండను చీల్చడానికి ఉలితో గుంటలు పెట్టి, మేకులు దిగగొట్టిన గుర్తులవి. ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వాళ్ళ చేతి గుర్తు మాత్రం ఇంకా ఉంది.

ఇక చరిత్ర. ఈ కోటను వెయ్యేళ్ళ కింద యాదవరాయలు కట్టించినారని స్థానికంగా చెప్పుకుంటారు. పదిహేనో శతాబ్దంలో ఇది సాళువ వంశం వారి చేతిలో ఉంది. ఇక్కడి నుంచి ఎదిగిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కినాడు. 1565 యుద్ధం తరువాత విజయనగరం పాడుపడితే రాజధాని పెనుగొండకు, అక్కడి నుంచి 1592 ప్రాంతంలో రెండవ వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. అంటే కొంతకాలం మన చంద్రగిరే దక్షిణ దేశానికి రాజధాని. మన పక్కనే ఉన్న పులికాటులో డచ్చివారు వ్యాపారం పెట్టుకున్నది కూడా ఈ వేంకటపతిరాయల ఏలుబడిలోనే. 1639లో ఇంగ్లీషు కంపెనీ ఫ్రాన్సిస్ డే మదరాసు స్థలం సంపాదించింది దామర్ల వేంకటాద్రి నాయకుని వద్ద. ఆ నాయకుడు చంద్రగిరి రాజులకు లోబడినవాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అనే పేరు వచ్చింది. 1646లో కోట గోల్కొండ వారికి, 1782లో హైదరాలీకి చిక్కింది. తరువాత ఇంగ్లీషువారి పాలనలో కోటతో ఎవరికీ పని లేకపోయింది.

సోదరులారా, పని లేకపోవడమే ఏ గోడకైనా అసలు ప్రమాదం. ఫిరంగి దెబ్బకు పోయిన గోడ కొంచెమే. పని తీరిపోయినాక ఇంటి పునాదికి, పశువుల కొట్టానికి, రోడ్డుకు పోయిన గోడే ఎక్కువ.

ఇది మన దేశానికే పరిమితం కాదు. పాత రోము సామ్రాజ్యం వారు తమ ఊళ్ళకు ప్రాకారాలు కట్టుకున్నారు. రోము నగరం చుట్టూ అరేలియన్ చక్రవర్తి క్రీ.శ. 271లో మొదలుపెట్టించిన గోడ సుమారు 19 కిలోమీటర్లు. అందులో చాలా భాగం నేటికీ నిలబడి ఉంది. ఎందుకు? 1870 దాకా దానిని నగరం కోటగోడగా వాడుకుంటూ వచ్చింది, పాడైనచోట కట్టుకుంటూ వచ్చింది. అంత గోడ కూడా 2001లో ఒకచోట కూలింది. అదే లండనులో చూడండి. రోమనులు కట్టిన గోడ ఊరు పెరిగే కొద్దీ ఇళ్ళలో కలిసిపోయి, ఇప్పుడు అక్కడక్కడా ముక్కలుగా మిగిలింది. స్పెయిను దేశంలో లూగో అనే ఊరు ఉంది. అక్కడ రోమను గోడ రెండు కిలోమీటర్ల పైచిలుకు ఊరి చుట్టూ పూర్తిగా నిలిచి ఉంది. జనం సాయంత్రం పూట దాని మీద వాహ్యాళికి పోతారు. 2000లో దానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినారు. మనం తిరుపతిలో చెరువుకట్ట మీద నడిచినట్టు వాళ్ళు పదిహేడు వందల ఏళ్ళ నాటి గోడ మీద నడుస్తున్నారు.

రోముతో మనకు సంబంధమేమిటి అనుకోకండి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత గుడి కట్టడం తగిలింది. దాని కింద కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు దొరికినాయి. వాటిలో కొన్ని మదరాసు గవర్నరు చేతికి రాకముందే కరిగిపోయినాయి. ఆ కాలంలో అలాంటి వాటిని కాపాడే చట్టం లేదు. దొరికినవాడిది దొరికినట్టే.

చట్టం వచ్చింది తరువాత. ఇంగ్లండులో 1882లో, మన దేశంలో కర్జను కాలంలో 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టాలు వచ్చినాయి. స్వాతంత్ర్యం వచ్చినాక 1958లో ఇప్పుడున్న కేంద్ర చట్టం, 1960లో మన రాష్ట్ర చట్టం చేసినారు. చంద్రగిరి, గండికోట, సిద్ధవటం, గుత్తి కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పులికాటులో డచ్చివారి గెల్డ్రియా కోట పోయి దిబ్బ మిగిలింది గాని, వారి సమాధుల తోట మాత్రం ఆ శాఖ రక్షణలో చక్కగా నిలిచింది. రక్షణ ఉన్నదానికి, లేనిదానికి తేడా తెలియాలంటే అక్కడ ఒక్క పూట తిరిగితే చాలు.

ఇప్పుడు నా సంగతి. 1976లో నేను ఇరవై ఆరేళ్ళ కుర్ర సూపర్‌వైజరును. ఊరి పేరు చెప్పను. ఒక పాత పాళెగాళ్ళ ఊరు. ఊరికి పడమట రాయీ మట్టీ కలిపి కట్టిన కోటగోడ ఒక ఫర్లాంగు దూరం మిగిలి ఉండేది. ఏ చట్టం కింద అది రక్షిత కట్టడం కాదు. మా రోడ్డుకు సోలింగు రాయి కావాలి. క్వారీ ఎనిమిది మైళ్ళు. లీడు ఎక్కువ పడి ఎస్టిమేటు దాటిపోతోంది. "ఈ గోడ రాయి ఉండగా అంత దూరం ఎందుకు?" అన్నది నేనే. పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఎం. బుక్కులో ఉన్నదున్నట్టే రాసినాను. ఖర్చు తగ్గించినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా.

రాళ్ళు పగలగొట్టడానికి వచ్చిన ముసలి మేస్త్రీ మొదటి రోజు గోడకు టెంకాయ కొట్టి, "నాయనా, ఇది వాగును తిప్పే గోడ, తెలుసు గదా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. చదువుకున్నవాణ్ణి గదా! పదిహేను రోజుల్లో గోడ రోడ్డు కిందికి పోయింది. రెండేళ్ళ తరువాత కార్తీక మాసం వానలకు వాగు పొంగి, ఇదివరకు గోడ వారగా తిరిగి చెరువుకు పోయే నీళ్ళు నేరుగా పడమటి వీధిలోకి వచ్చినాయి. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. మట్టి గోడల ఇళ్ళు పదకొండు పడిపోయినాయి. నష్టం లెక్క రాయడానికి పంపింది నన్నే. అదే బుక్కు, అదే చేయి. ఆ వీధిలో ఒక అవ్వ తడిసిన వడ్లు చాపమీద ఆరబోస్తూ, "గోడ ఉన్నప్పుడు ఇట్లా లేదు సామీ" అన్నది. నన్ను తిట్టలేదు. గోడ తీయించింది నేనేనని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

చమత్కారం ఏమిటంటే, నేను గోడ తీయించిన ఆ 1976లోనే రాజ్యాంగానికి నలభై రెండో సవరణ చేసి ప్రాథమిక విధులు చేర్చినారు. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవడం ప్రతి పౌరుడి విధి అని అందులో ఉంది. నేను డిపార్టుమెంటు పరీక్షకు ఆ పాఠం చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఇక రెండో వైపు మాట. న్యాయంగా అదీ చెప్పాలి. మా బావమరిది ఇల్లు ఒక రక్షిత కోట ఉన్న ఊళ్ళో, గోడకు అరవై గజాల్లో ఉంది. కొడుకు పెళ్ళికి మేడ మీద రెండు గదులు వేద్దామనుకున్నాడు. కుదరదన్నారు. వాడు నా ఇంటికి వచ్చి, "ఏం బావా, రాళ్ళకిచ్చే విలువ మనుషులకు లేదా?" అని నిలదీసినాడు. ఆ రోజు నా దగ్గర మంచి జవాబు లేదు. తరువాత చట్టం తెప్పించుకుని చదివినాను. మనలో చాలామంది బంధువులకు ఈ చిక్కు ఉండవచ్చు గనుక ముఖ్యమైనవి చెబుతాను.

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి నూరు మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం. అందులో కొత్త కట్టడం కట్టరాదు. అక్కడి నుంచి ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందులో అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. 1992 జూన్ 16 నాటి ప్రకటనతో ఈ దూరాలు వచ్చినాయి, 2010 సవరణతో చట్టంలోకే ఎక్కినాయి. అయితే నిషిద్ధ ప్రాంతంలో ఉన్నంత మాత్రాన పాత ఇల్లు కూలిపోయేదాకా చూస్తూ కూర్చోమని చట్టం చెప్పలేదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు అందుకునే అధికారి వేరుగా ఉంటాడు, దానిని పరిశీలించడానికి జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ ఉంది. కనుక చెప్పుడు మాటలు విని దొంగచాటుగా కట్టి, తరువాత కోర్టుల చుట్టూ తిరగవద్దు. ఇంటి స్థలం కొనేముందు దస్తావేజుతో పాటు కోట హద్దు ఎంత దూరమో కూడా చూసుకోండి. రిటైర్‌మెంటు డబ్బు పెట్టి కొన్న స్థలంలో ఇటుక వేయలేకపోతే ఆ బాధ ఎవరూ తీర్చలేరు. రక్షిత కట్టడాన్ని పాడుచేసినా, రాయి తీసుకుపోయినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మా బావమరిది ఆ తరువాత పాత ఇంటి పైకప్పు మరమ్మతుకు దరఖాస్తు పెట్టినాడు. ఆలస్యమైనా అనుమతి వచ్చింది. కొడుకు కాపురం వేరే వీధిలో బాడుగ ఇంట్లో పెట్టినాడు. వాడి కోపం పూర్తిగా పోలేదు. పోవాలని నేను అనను. ఊరందరి సొత్తును కాపాడే భారం గోడ పక్కనున్న నాలుగిళ్ళ మీదే పడుతున్నది. వాళ్ళకు దారి చూపించవలసింది, వాళ్ళ తరఫున అర్జీ రాసి పెట్టవలసింది మనలాంటి చదువుకున్న పెన్షనర్లే. గోడను కాపాడండి అని ఉపన్యాసం చెప్పి ఇంటికి పోతే సరిపోదు.

అందుకని మనం చేయగలిగిన పనులు కొన్ని మనవి చేస్తాను.

మొదటిది, మనలో రెవెన్యూలో చేసినవారు చాలామంది ఉన్నారు. మీ సర్వీసులో చూసిన ఎఫ్.ఎం.బి. స్కెచ్చుల్లో, పాత అడంగళ్ళలో కోట పోరంబోకు, అగడ్త పోరంబోకు అని ఉన్న సర్వే నంబర్లు గుర్తుకు తెచ్చుకోండి. ఏ చట్టం రక్షణా లేని చిన్న కోటలు మన జిల్లాల్లో ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో కాగితం మీద పెడితే సంబంధిత శాఖకు అర్జీ ఇవ్వవచ్చు. నేను తీయించిన గోడకు ఆ ఒక్క అర్జీ ఇచ్చే మనిషి ఉండి ఉంటే ఆ పదకొండు ఇళ్ళు నిలిచేవేమో.

రెండవది, మీ ఇళ్ళలో పాత పెళ్ళి ఫొటోలు, పిక్నిక్ ఫొటోలు ఉంటాయి. వాటిలో మనుషుల వెనుక కోటగోడ, బురుజు, వాకిలి కనిపిస్తే ఆ ఫొటో పారేయకండి. యాభై ఏళ్ళ కిందట గోడ ఎంత ఎత్తు ఉండేదో చెప్పే సాక్ష్యం అదే. మన సంఘం ఆఫీసుకు ఒక కాపీ ఇస్తే సంవత్సరం, ఊరు రాసి భద్రపరుద్దాము.

మూడవది, కోట చూడబోయినప్పుడు గోడ సందుల్లో రావి, మర్రి మొలకలు కనిపిస్తే మీరు పీకకండి. మొలక పైన చిన్నదైనా వేరు లోపల రాయిని పట్టుకుని ఉంటుంది. లాగితే రాయి కదులుతుంది. అక్కడి సిబ్బందికి చెప్పండి, ఫొటో తీసి అర్జీ పెట్టండి.

నాలుగవది, పిల్లల చేత గోడ మీద పేర్లు గీయించకండి. మన మనవడి పేరు నిలబడాలంటే వేరే మార్గాలు ఉన్నాయి.

ఐదవది, వచ్చే మార్గశిరంలో, చలి తగలగానే, ఒక బస్సు మాట్లాడుకుని చంద్రగిరి పోదాము. మోకాళ్ళ నొప్పులున్నవారు పైకోట ఎక్కనక్కరలేదు. కింది గోడ చుట్టూ నెమ్మదిగా నడుద్దాము. పులిహోర, పెరుగన్నం మూటలు కట్టుకుని పోదాము. విస్తర్లు మాత్రం తిరిగి మన వెంట తెచ్చుకుందాము. పిల్లలకు ఆ ఉలి గుర్తులు చూపిద్దాము.

పెద్దలారా, నేను ముసలివాణ్ణయినాను. ఆ ఊరికి ఈ మధ్య మళ్ళీ పోయినాను. నేను వేయించిన రోడ్డు మీద ఎన్నోసార్లు తారు పడింది. దాని కింద ఆ గోడ రాళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని తీసి మళ్ళీ నిలబెట్టలేము. పడమటి వీధిలో ఆ అవ్వ లేదు. ఆమె మనవరాలు ఉంది, సచివాలయంలో పనిచేస్తోంది. ఆమెతో మాత్రం చెప్పినాను, "అమ్మా, ఆ గోడ తీయించింది నేనే" అని. ఆ పాప కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "సార్, ఊరికి ఉత్తరం పక్క ఇంకా కొంచెం గోడ మిగిలి ఉంది, దాని కాగితాలు ఎట్లా రాయాలో చెప్తారా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని అర్జీ రాసినాము. దాని నకలు ఈ రోజు మన అధ్యక్షుల వారికి ఇస్తున్నాను. సంఘం తరఫున ఒక ఉత్తరం జత చేస్తే దానికి బలం వస్తుంది. అదొక్కటే ఈ సభను నేను కోరేది.